ఒక్క ఎలక్ట్రాన్ వోల్టు తేడాతో

గరికపాడు చుట్టుపక్కల చేలల్లో ఎక్కడ పిడికెడు మన్ను తీసినా అందులో కార్బన్ ఒకే రూపంలో ఉండదు. తగలబెట్టిన పత్తికట్టె మిగిల్చిన బొగ్గు ఒక రూపం. పెంటదిబ్బ ఎరువు, రాలిన ఆకు కుళ్లగా మిగిలిన జీవపదార్థం రెండో రూపం. జగ్గయ్యపేట ప్రాంతమంతా నేల అడుగున పరుచుకున్న సున్నపురాయి నుంచి మట్టిలో కలిసిన కార్బనేట్ మూడో రూపం. ఈ మెట్టకు సిమెంటు కర్మాగారాలను రప్పించింది ఆ రాయే. రెండు వేల ఏళ్ల కిందట జగ్గయ్యపేట బౌద్ధ స్తూపానికి శిల్పులు పలకలు చెక్కిందీ సున్నపురాయి మీదే.

పంటకు ఈ మూడూ ఒకటి కావు. జీవపదార్థం మొక్కకు తిండి పెడుతుంది, తొందరగా ఖర్చయిపోతుంది. బొగ్గు నేలలో వందల ఏళ్లు నిలవగలదు. కార్బనేట్ ఎక్కువైతే నేల క్షారత పెరిగి జింకు, ఇనుము లాంటివి మొక్కకు అందవు. గరికపాడులో ఆచార్య ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం కృషి విజ్ఞాన కేంద్రం ఉంది, రైతులకు భూసార పరీక్ష కొత్త కాదు. ఆ పరీక్ష ఫలితంలో ‘సేంద్రియ కార్బన్’ ఎదురుగా ఒక్క అంకె కనిపిస్తుంది. సాధారణంగా అది 1934లో వాక్లీ, బ్లాక్ అనే శాస్త్రవేత్తలు రూపొందించిన పద్ధతిలో, డైక్రోమేట్‌తో ఆక్సీకరణం చేసి తేల్చిన అంకె. పొలానికి ఎంత ఎరువు వేయాలో చెప్పడానికి అది చాలు. అయితే ఆ పద్ధతి కార్బనేట్‌ను లెక్కలోకి తీసుకోదు, బొగ్గును కొంతవరకే పట్టుకుంటుంది. ఏ కార్బన్ ఎంత ఉందో విడదీసి చూపించదు.

విడదీసి చూపించగల సాధనం ఎక్స్‌రే. మట్టి మీద ఎక్స్‌రే కిరణాల శక్తిని కొద్దికొద్దిగా పెంచుతూ పోతే, బొగ్గులోని కార్బన్ సుమారు 285 ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర వాటిని గట్టిగా పీల్చుకుంటుంది. జీవపదార్థంలో ఆమ్ల సమూహాల కార్బన్ 288.5 దగ్గర, కార్బనేట్‌లోని కార్బన్ 290.3 దగ్గర పీల్చుకుంటాయి. మూలకం ఒకటే, చుట్టూ ఉన్న పొరుగు వేరు. ఆక్సిజన్లతో ఎక్కువ బంధాలు పెట్టుకున్న కార్బన్ తన ఎలక్ట్రాన్ సాంద్రతను వాటికి కోల్పోతుంది. అప్పుడు లోపల మిగిలిన ఎలక్ట్రాన్లను కేంద్రకం ఇంకా బిగువుగా పట్టుకుంటుంది, వాటిని కదిలించడానికి మరింత శక్తి కావాలి. ఈ పద్ధతితోనే యోహానెస్ లేమన్ బృందం 2008లో మట్టి రేణువుల్లో కార్బన్ రూపాలు నానోమీటర్ల స్థాయిలో ఎలా పరుచుకుని ఉంటాయో చూపించింది.

ఇంతకీ ఏ శిఖరం ఏ పదార్థానిదో ఎలా చెబుతాం? తెలిసిన పదార్థాలను కొలిచి పోల్చుకోవడం ఒక దారి. మట్టిలో ఉన్న ప్రతి అణువునూ సీసాలో పోసి కొలవలేం కాబట్టి రెండో దారి క్వాంటం రసాయన గణన. అణువు నిర్మాణం ఇస్తే అది ఏ శక్తి దగ్గర ఎక్స్‌రేను పీల్చుకుంటుందో కంప్యూటర్ చెబుతుంది. ఆ లెక్క ఎంత కచ్చితంగా ఉండాలి? పై మూడు అంకెలను మరోసారి చూడండి. జీవపదార్థానికీ కార్బనేట్‌కూ మధ్య ఉన్నది రెండు ఎలక్ట్రాన్ వోల్టులు కూడా కాదు. లెక్కలో రెండు వోల్టులు పొరబడితే సున్నపురాయిని చూసి ఎరువు అనుకుంటాం. 290లో రెండంటే నూటికి ఒకటి కూడా కాదు. పరీక్ష పేపర్లో నూటికి తొంభై తొమ్మిది వస్తే పండగ చేసుకుంటాం, ఇక్కడ తొంభై తొమ్మిది వచ్చినా తప్పినట్టే. ఈ వ్యాసం ఆ చివరి ఒక్క శాతం గురించే. ఇకపై వోల్టు అన్నప్పుడల్లా ఎలక్ట్రాన్ వోల్టనే అర్థం.

లోపలి ఎలక్ట్రాన్ కథ

పరమాణువులో ఎలక్ట్రాన్లు రకరకాల శక్తి స్థాయిల్లో ఉంటాయి. బయటి కర్పరంలో ఉన్నవి బంధాలు కడతాయి, రంగులిస్తాయి, మండుతాయి. రసాయన శాస్త్రంలో మనం చదివేదంతా దాదాపు వాటి గురించే. అన్నిటికన్నా లోపల, కేంద్రకాన్ని అంటిపెట్టుకున్నట్టు, 1ఎస్ అనే స్థాయిలో రెండు ఎలక్ట్రాన్లు ఉంటాయి. మామూలు వెలుతురు వాటిని కదిలించలేదు. తగినంత శక్తి ఉన్న ఎక్స్‌రే తగిలితే మాత్రం వాటిలో ఒకటి అక్కడి నుంచి లేచి, పైన ఖాళీగా ఉన్న స్థాయికి దూకుతుంది. ఆ దూకుడుకు కావలసిన శక్తే శోషణ శక్తి. ఇంకాస్త ఎక్కువ శక్తి ఇస్తే ఎలక్ట్రాన్ పరమాణువునే వదిలి పోతుంది. దాన్ని అయనీకరణ శక్తి అంటాం.

లోపలి ఎలక్ట్రాన్ శక్తి ఒక్కో మూలకానికి ఒక్కో తీరుగా ఉంటుంది. కార్బన్‌కు ఉజ్జాయింపుగా 284, నైట్రోజన్‌కు 410, ఆక్సిజన్‌కు 543, గంధకానికి 2472, క్రోమియానికి 5989, జింకుకు 9659 వోల్టులు. ఒకదానికొకటి ఇంత దూరంగా ఉండటం వల్ల, ఎన్ని మూలకాలు కలగలిసి ఉన్నా కావలసిన మూలకాన్ని ఏరి దాన్నే మాట్లాడించవచ్చు. మిరప తోటలో నల్లికి కొట్టిన గంధకం నేలలో సల్ఫేట్‌గా మారిందా లేదా, వరికి వేసిన జింకు ఏ లవణంగా గట్టిపడింది లాంటి ప్రశ్నలకు జవాబులు ఈ దారిలోనే దొరుకుతాయి.

శోషణ అంచులను 1913లో మారిస్ ద బ్రోయ్ గమనించాడు. వాటి వెనకున్న కారణాన్ని వాల్టర్ కోసెల్ వివరించాడు. ఎక్స్‌రే వర్ణపట శాస్త్రానికి మానె సీగ్‌బాన్ 1924 నోబెల్ బహుమతి అందుకుంటే, ఎక్స్‌రేతో బయటికి తన్నిన ఎలక్ట్రాన్ల శక్తిని కొలిచి రసాయన విశ్లేషణ చేసే పద్ధతికి ఆయన కొడుకు కాయ్ సీగ్‌బాన్ 1981లో అదే బహుమతిలో భాగం అందుకున్నాడు.

ఈ చరిత్రలో తెలుగువాడి అడుగు కూడా ఉంది. పశ్చిమ గోదావరి జిల్లా గొరగనమూడిలో 1896లో భూపతిరాజు లక్ష్మీనరసింహరాజుగా పుట్టి, సన్యసించి, హిమాలయాల్లో తపస్సు చేసిన స్వామి జ్ఞానానంద 1930ల్లో ప్రాగ్ నగరంలోని చార్లెస్ విశ్వవిద్యాలయంలో ఎక్స్‌రే వర్ణపటాల మీద పరిశోధన చేశారు. తర్వాత ఇంగ్లండులో లివర్‌పూల్ వెళ్లి జేమ్స్ చాడ్విక్ దగ్గర పనిచేశారు. స్వదేశం తిరిగి వచ్చి ఆంధ్ర విశ్వవిద్యాలయంలో అణుభౌతిక శాస్త్ర విభాగాన్ని నిలబెట్టారు. కొలతలో చివరి దశాంశం కోసం జీవితం ధారపోసిన తరం అది. ఈనాటి గణన పద్ధతులు నిగ్గు తేల్చుకునేది అలాంటివాళ్లు కట్టిపెట్టిన కొలతల దగ్గరే.

రెండు పెద్ద అంకెల మధ్య చిన్న తేడా

శోషణ శక్తిని లెక్కగట్టడమంటే పైకి తేలికే. అణువు మామూలుగా ఉన్నప్పటి మొత్తం శక్తిని లెక్కించాలి, లోపలి ఎలక్ట్రాన్ పైకి దూకినప్పటి మొత్తం శక్తిని లెక్కించాలి, రెండిటి తేడా తీయాలి. చిక్కంతా ఆ అంకెల పరిమాణంలో ఉంది. ఒక్క నీటి అణువు మొత్తం శక్తి దాదాపు 2080 వోల్టులు. మనకు కావలసిన కచ్చితత్వం వోల్టులో పదో వంతు. అంటే ఇరవై టన్నుల లారీని రెండుసార్లు కాటా వేసి, మధ్యలో దించిన సరుకు బరువును కిలో అటూ ఇటూ కాకుండా చెప్పమన్నట్టు. కాటాలో ఉన్న దోషం రెండుసార్లూ ఒకేలా ఉంటే ఫరవాలేదు, తేడా తీసేటప్పుడు అది కొట్టుకుపోతుంది. ఇక్కడ మాత్రం రెండో తూకానికి కాటాయే మారిపోతుంది. లోపల ఖాళీ పడగానే అణువులోని మిగతా ఎలక్ట్రాన్లన్నీ సర్దుకుంటాయి కాబట్టి మొదటి స్థితిలో జరిగిన తప్పు, రెండో స్థితిలో జరిగిన తప్పు ఒకటి కావు.

నీటినే ఉదాహరణగా తీసుకుని మెట్టు మెట్టుగా చూద్దాం. ఆక్సిజన్ 1ఎస్ ఎలక్ట్రాన్‌ను నీటి అణువు నుంచి పూర్తిగా బయటికి లాగడానికి ప్రయోగంలో 539.9 వోల్టులు కావాలి.

హార్ట్రీ–ఫాక్ పద్ధతి అన్నిటికన్నా మొదటి మెట్టు. ప్రతి ఎలక్ట్రాన్ మిగతావాటి సగటు క్షేత్రంలో తిరుగుతుందని ఆ పద్ధతి అనుకుంటుంది. ఎలక్ట్రాన్ ఉన్న స్థాయి శక్తే దాన్ని బయటికి తీయడానికి అయ్యే శక్తి అని 1934లో చాలింగ్ కూప్‌మన్స్ చూపించాడు. ఆయనే తర్వాత ఆర్థిక శాస్త్రానికి మారి 1975లో ఆ రంగంలో నోబెల్ అందుకున్నాడు. ఆయన సూత్రం ప్రకారం నీటికి వచ్చే జవాబు సుమారు 559. అసలు విలువ కన్నా దాదాపు ఇరవై వోల్టులు ఎక్కువ.

ఆ ఇరవై ఎక్కడివి? కూప్‌మన్స్ సూత్రం ఒక ఎలక్ట్రాన్ పోయాక మిగతావి కదలకుండా ఉన్నచోటనే ఉన్నాయని అనుకుంటుంది. నిజానికి లోపలి ఎలక్ట్రాన్ పోతే, దాని చాటున ఇన్నాళ్లూ కేంద్రకం ఆకర్షణను పూర్తిగా ఎరగని బయటి ఎలక్ట్రాన్లు ఒక్కసారిగా లోపలికి కుదించుకుంటాయి. దానివల్ల కొత్త స్థితి శక్తి బాగా తగ్గుతుంది. బయటి ఎలక్ట్రాన్ల విషయంలో ఈ సర్దుబాటు చిన్నది కనుక సూత్రం అక్కడ బాగానే పనిచేస్తుంది. లోపలి ఎలక్ట్రాన్ దగ్గరికి వచ్చేసరికి అదే పెద్ద తప్పవుతుంది.

మందు కూడా అక్కడే ఉంది. ఖాళీ పడిన స్థితిని విడిగా తీసుకుని, దానిలోని ఎలక్ట్రాన్లను సర్దుకోనిచ్చి, ఆ స్థితి శక్తిని మళ్లీ మొదటి నుంచి లెక్కించాలి. 1965లో పాల్ బాగస్ అయాన్ల మీద ఈ పని చేసి చూపించాడు. ఇలా చేస్తే నీటి విలువలో తప్పు ఇరవై నుంచి వోల్టు లోపలికి దిగుతుంది. మిగిలిన ఆ కాస్తలో రెండు విషయాలు కలిసి ఉన్నాయి. ఒకటి, 1ఎస్‌లో జంటగా ఉన్న ఎలక్ట్రాన్లు ఒకదాన్నొకటి తప్పించుకుంటూ తిరిగే పొందిక జంట విడిపోగానే పోతుంది, దాన్ని సగటు క్షేత్రం పట్టుకోలేదు. రెండోది సాపేక్షత. కేంద్రకం పక్కన ఎలక్ట్రాన్ వేగం ఎంత ఎక్కువంటే ఐన్‌స్టయిన్ సవరణ వేయక తప్పదు. కార్బన్‌కు అది 0.1 వోల్టు, ఆక్సిజన్‌కు దాదాపు 0.4, గంధకానికి ఏడెనిమిది వోల్టులు. మట్టిలో గంధకం గురించి అడిగేవాడు ఈ సవరణను మరిచిపోతే మిగతా ఎంత మంచి పద్ధతి వాడినా ఫలితం దక్కదు.

పది వోల్టులు కలిపితే సరిపోతుందా

ఈ రోజుల్లో పెద్ద అణువులకు ఎక్కువమంది వాడేది సాంద్రతా ప్రమేయ సిద్ధాంతం. దానికి పునాది వేసిన వాల్టర్ కోన్‌కు, గణన పద్ధతులను అందరి చేతికీ తెచ్చిన జాన్ పోపుల్‌కు 1998లో రసాయన శాస్త్ర నోబెల్ కలిపి ఇచ్చారు. ఈ పద్ధతి ఖర్చు తక్కువ, వేగం ఎక్కువ. కాలంతో మారే రూపంలో దీన్ని వాడితే అణువు శోషణ వర్ణపటం మొత్తం ఒక్కసారే వస్తుంది. బాగా వాడుకలో ఉన్న బి3ఎల్‌వైపి అనే ప్రమేయంతో చేసి చూస్తే కార్బన్ శక్తులు సుమారు పది వోల్టులు, నైట్రోజన్‌వి పన్నెండు, ఆక్సిజన్‌వి పద్నాలుగు వోల్టులు తక్కువ వస్తాయి. ఇనుము లాంటి లోహాలకు ఆ తేడా వంద దాటిపోతుంది.

మూలం ఏమిటంటే, ఈ ప్రమేయాల్లో ఎలక్ట్రాన్ తన మేఘాన్ని తానే వికర్షించుకునే దోషం కొంత మిగిలిపోతుంది. బయట విశాలంగా పరుచుకున్న ఎలక్ట్రాన్‌కు ఆ దోషం చిన్నది. కేంద్రకం చుట్టూ ముడుచుకున్న 1ఎస్ ఎలక్ట్రాన్‌కు పెద్దది.

పరిశోధకులు చాలాకాలం దీనికి సులువైన సర్దుబాటు చేస్తూ వచ్చారు. లెక్కలో వచ్చిన వర్ణపటం మొత్తాన్ని పక్కకు జరిపి ప్రయోగం మీద కూర్చోబెట్టడమే ఆ సర్దుబాటు. బెంజీన్, అసిటిక్ ఆమ్లం, కార్బన్ డయాక్సైడ్ తీసుకుందాం. మన మట్టిలోని బొగ్గు, జీవపదార్థం, కార్బనేట్‌లకు ఇవి వాయు రూపంలో ఉన్న ప్రతినిధులనుకోవచ్చు. ప్రయోగంలో వీటి మొదటి పెద్ద శిఖరాలు సుమారు 285.2, 288.6, 290.8 దగ్గర ఉంటాయి. మూడిటికీ ఒకే పది వోల్టుల తప్పు వస్తే, మూడిటికీ పది కలిపితే వరస సరిగ్గానే నిలుస్తుంది. అందుకే ఈ పని ఎన్నో సందర్భాల్లో అక్కరకొచ్చింది. దాన్ని తీసిపారేయడం న్యాయం కాదు.

కానీ ఆ పది ఎక్కడి నుంచి వచ్చిందో గుర్తుంచుకోవాలి. అది ప్రయోగం నుంచి అరువు తెచ్చుకున్న అంకె. కార్బన్ మీద నేర్చుకున్న సవరణ ఆక్సిజన్‌కు పనికిరాదు. ఒక ప్రమేయానికి కట్టిన సవరణ ఇంకో ప్రమేయానికి చెల్లదు. ఒకే అణువులో కూడా, ఎలక్ట్రాన్ పక్కనున్న బంధ స్థాయికి దూకినప్పుడు వచ్చే తప్పు, దూరంగా విస్తరించిన స్థాయికి దూకినప్పుడు వచ్చే తప్పు సమానం కావు. ఇంతవరకూ ఎవరూ కొలవని అణువు ఎదురైతే ఎంత జరపాలో చెప్పే దిక్కే ఉండదు. లెక్క అవసరం ఎక్కువగా ఉండేది సరిగ్గా అలాంటి అణువు దగ్గరే.

ఖరీదైన దారి, కలిసొచ్చిన దారి

ఎలక్ట్రాన్లు ఒకదాన్నొకటి తప్పించుకునే తీరును క్రమపద్ధతిలో, మెట్టు తర్వాత మెట్టుగా లెక్కలోకి తెచ్చేది కపుల్డ్ క్లస్టర్ సిద్ధాంతం. అణుభౌతికంలో పుట్టిన ఈ ఆలోచనను 1966లో యిర్జీ చీజెక్ రసాయన శాస్త్రానికి తగిన సమీకరణాలుగా రాశాడు. అప్పుడాయన పనిచేస్తున్నది ప్రాగ్‌లోనే. జ్ఞానానంద ఎక్స్‌రేలు కొలిచిన ఊరు, మూడు దశాబ్దాల తర్వాత ఆ కొలతలను లెక్కతో అందుకోగల సిద్ధాంతానికి పుట్టిల్లయింది. మన హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో ఎం. దుర్గాప్రసాద్ ఇదే సిద్ధాంతాన్ని అణువుల కంపనాలకు విస్తరించే పని చేశారు.

లోపలి ఎలక్ట్రాన్లకు దీన్ని వాడటంలో ఒక అడ్డంకి ఎదురైంది. 1ఎస్ ఎలక్ట్రాన్ దూకిన స్థితి, బయటి ఎలక్ట్రాన్లు విడిపోయిన లెక్కలేనన్ని స్థితుల మధ్య కూరుకుపోయి ఉంటుంది. వాటన్నిటినీ దాటుకుని దాన్ని పట్టుకోవడం కంప్యూటర్‌కు తలకు మించిన పని. లోపలి, బయటి స్థితుల మధ్య శక్తి తేడా చాలా ఎక్కువ కాబట్టి రెండిటినీ విడదీసి లెక్కించవచ్చని 1980లో సెడర్‌బామ్, డోమ్‌కె, షిర్మర్ ప్రతిపాదించారు. ఈ విభజనను 2019లో మార్టా విడాల్, ఆనా క్రైలోవ్, సోనియా కొరియాని తదితరులు కపుల్డ్ క్లస్టర్‌లో పొందికగా అమర్చారు.

ఈ పద్ధతిలో ఎలక్ట్రాన్లను రెండేసిగా కలిపి కదిలించే స్థాయి వరకు పోతే తప్పు సాధారణంగా వోల్టు చుట్టుపక్కలకు వస్తుంది. మూడేసిగా కదిలించే స్థాయి చేరిస్తే వోల్టులో పదో వంతుల్లోకి దిగుతుంది. అక్కడే ఖర్చు కూడా కూర్చుంటుంది. అణువు పరిమాణం రెట్టింపయితే రెండేసి స్థాయి లెక్కకు పట్టే సమయం 64 రెట్లవుతుంది. మూడేసి స్థాయి పూర్తిగా చేరిస్తే 256 రెట్లు. ఫార్మాల్డిహైడ్‌కు ఇది పని చేస్తుంది. మట్టిలోని హ్యూమిక్ ఆమ్లానికి ఏ కంప్యూటరూ చాలదు.

ఇంతకన్నా చవకైన ఏడీసీ అనే పద్ధతుల కుటుంబం ఒకటుంది. ఆ కుటుంబంలో మూడో స్థాయి రెండో స్థాయి కన్నా సిద్ధాంతరీత్యా మెరుగైనది. 2015లో హైడల్‌బర్గ్‌లో ఆండ్రియాస్ డ్రాయ్ బృందం లోపలి ఎలక్ట్రాన్ల మీద రెండిటినీ పరీక్షించింది. విస్తరించిన రెండో స్థాయి జవాబు ప్రయోగానికి బాగా దగ్గరగా వచ్చింది. మెరుగైన మూడో స్థాయి జవాబు దూరం జరిగింది. రెండో స్థాయిలో వేర్వేరు దిక్కుల్లో జరిగిన తప్పులు ఒకదాన్నొకటి రద్దు చేసుకోవడమే దానికి కారణమని ఆ బృందం విశ్లేషించింది. మూడో స్థాయి ఒక తప్పును దిద్దగానే, దానితో చెల్లుకుపోతున్న రెండో తప్పు బయటపడింది.

ఈ రంగం మొత్తంలో నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించే పాఠం ఇది. జవాబు దగ్గరగా రావడం, పద్ధతి సరిగ్గా ఉండటం రెండు వేరు సంగతులు. కలిసొచ్చిన జవాబును వాడుకోవచ్చు, అది కలిసొచ్చినదని తెలిసి ఉండాలి. తెలియకపోతే ఆ తప్పులు చెల్లుకోని కొత్త అణువు దగ్గర మోసపోతాం.

అందుకే ఒకటి రెండు అణువుల మీద బాగా వచ్చిందని ఏ పద్ధతినీ నమ్మకూడదు. 2021లో తోమస్ ఫ్రాన్సన్, పాట్రిక్ నార్మన్, కొరియాని, డ్రాయ్ తదితరులు 40 సేంద్రియ అణువులను ఒకచోట చేర్చి, వాటి కార్బన్, నైట్రోజన్, ఆక్సిజన్ శిఖరాల మీద ఎన్నో పద్ధతులను వరసపెట్టి పరీక్షించారు. ఏ పద్ధతి ఏ రకం అణువుకు ఎంత తప్పుతుందో ఇలాంటి పట్టికలే చెబుతాయి. ఇవి పేరు తెచ్చిపెట్టే పనులు కావు, మిగతావాళ్ల పనికి ఆధారంగా నిలిచే పనులు.

ఖర్చుకూ కచ్చితత్వానికీ రాజీ కుదిరిన దారి కూడా ఈ మధ్య దొరికింది. 2020లో బర్క్‌లీలో దిప్తార్క హైత్, మార్టిన్ హెడ్-గోర్డన్ బాగస్ నాటి పాత ఆలోచననే కొత్త సాంద్రతా ప్రమేయాలతో కలిపారు. ఉత్తేజిత స్థితిని విడిగా తీసుకుని దాని ఎలక్ట్రాన్లను సర్దుకోనిచ్చే పద్ధతి అదే. ఆ స్థితి లెక్క మధ్యలో జారి మామూలు స్థితిలోకి పడిపోకుండా కాపాడే ఉపాయాన్ని వీళ్లు జోడించారు. కార్బన్, నైట్రోజన్, ఆక్సిజన్, ఫ్లోరిన్‌లకు తప్పు సుమారు 0.3 వోల్టుకు దిగింది, ఏ అరువు సవరణా లేకుండానే. ఖర్చు మామూలు స్థితి లెక్కకు రెండు మూడు రెట్లు మాత్రమే. సున్నపురాయిని, ఎరువును విడదీయడానికి 0.3 ధారాళంగా సరిపోతుంది.

కొలతే తప్పయితే

ఇంతవరకూ ప్రయోగాన్ని గీటురాయిగా పెట్టుకుని లెక్కను గీసి చూశాం. గీటురాయికీ హద్దులున్నాయి. లోపల పడిన ఖాళీ కొన్ని ఫెమ్టోసెకన్లలోనే పూడిపోతుంది. అంత స్వల్పకాలం బతికే స్థితి శక్తి కొంత మసకబారక తప్పదు. కార్బన్‌కు ఆ మసక సుమారు 0.1 వోల్టు, ఆక్సిజన్‌కు 0.16. దానికి తోడు అణువు కంపిస్తుంది. నైట్రోజన్ వాయువు శిఖరాన్ని నిశితంగా చూస్తే 0.23 వోల్టు దూరంలో ఒకదాని పక్కన ఒకటి చిన్న పళ్లు కనిపిస్తాయి, అవి కంపన స్థాయిలు. ఏ పన్నును శిఖరమన్నారో చెప్పకుండా పదో వంతు కచ్చితత్వం గురించి మాట్లాడటంలో అర్థం లేదు.

ఇంకా పెద్ద సంగతి 2020లో బయటపడింది. మారిస్ లాయిటెనెగర్ తదితరులు బెర్లిన్‌లో ఎక్స్‌రేలను పుట్టించే బెస్సీ-2 సింక్రోట్రాన్ యంత్రం దగ్గర ఆక్సిజన్ వాయువు వర్ణపటాన్ని కొత్త పద్ధతిలో కొలిచారు. ఎలక్ట్రాన్లు చాలావరకు ఊడదీసిన అయాన్ల శక్తులను సిద్ధాంతంతో అత్యంత కచ్చితంగా లెక్కించవచ్చు. ఆ లెక్కనే కొలబద్దగా పెట్టుకున్నారు. అంతకుముందు అందరూ ప్రమాణంగా వాడుతూ వచ్చిన ఆక్సిజన్ విలువలు దాదాపు 0.45 వోల్టు పక్కకు ఉన్నాయని తేలింది. నక్షత్రాల మధ్య ఉన్న ఆక్సిజన్ రేఖలు ప్రయోగశాల విలువలతో ఎందుకు కలవడం లేదని ఖగోళ శాస్త్రవేత్తలు తలపట్టుకున్న చిక్కు దాంతో విడిపోయింది. తప్పు ఆకాశంలో లేదు, భూమ్మీద కొలబద్దలో ఉంది. 0.3 వోల్టు కచ్చితత్వంతో లెక్కగట్టగల పద్ధతులు చేతికొచ్చిన ఏడాదే, ప్రమాణమే 0.45 తప్పని బయటపడటం గమనించండి. ఇప్పుడు లెక్కకు కొలత ఎంత సాక్షో, కొలతకు లెక్క అంత సాక్షి.

సౌష్ఠవం చెప్పే మాట

శిఖరం ఎక్కడుందన్నది సగం సమాచారం. అది ఎంత ఎత్తుందన్నది మిగతా సగం. జగ్గయ్యపేట సిమెంటు నేల కాబట్టి ఉదాహరణ సిమెంటులోంచే తీసుకుందాం. ముడిసరుకులో ఉండే కొద్దిపాటి క్రోమియం, కొలిమి వేడిలో ఆక్సిజన్‌తో కలిసి కొంతవరకు ఆరు సంయోజకతల రూపానికి మారుతుంది. తడి సిమెంటుతో పనిచేసే తాపీ మేస్త్రీల చేతులకు దురద, పుండ్లు రావడానికి ఈ రూపం ఒక కారణం. అందుకే నీటిలో కరిగే ఆ క్రోమియం పది లక్షల్లో రెండు భాగాలు మించకూడదని యూరోపియన్ యూనియన్ 2005 నుంచి హద్దు పెట్టింది. మూడు సంయోజకతల క్రోమియం అంత హానికరం కాదు.

ఎక్స్‌రే ఈ రెండిటినీ ఇట్టే విడదీస్తుంది. ఆరు సంయోజకతల క్రోమియం 5993 వోల్టుల దగ్గర, అసలు అంచుకు ముందే, నిటారుగా ఒక శిఖరం చూపిస్తుంది. మూడు సంయోజకతలది అక్కడ దాదాపు చదునుగా ఉంటుంది. కారణం ఆకారం. క్రోమేట్‌లో నాలుగు ఆక్సిజన్లు క్రోమియం చుట్టూ చతుర్ముఖిగా ఉంటాయి, ఆ ఆకారానికి సౌష్ఠవ కేంద్రం లేదు. మామూలుగా నిషిద్ధమైన దూకుడుకు అక్కడ అనుమతి దొరుకుతుంది. ఆరు పొరుగులతో అష్టముఖిగా ఉన్న మూడు సంయోజకతల క్రోమియానికి ఆ అనుమతి ఉండదు.

ఏ దూకుడుకు అనుమతి ఉంది, దేనికి లేదు అని ఒక్క సమీకరణమూ సాధించకుండా ఆకారాన్ని బట్టే చెప్పగలిగే గణితం సమూహ సిద్ధాంతం. దాన్ని భౌతిక శాస్త్ర విద్యార్థులకు అందించిన తొలి పుస్తకాల్లో ఒకటి 1948లో ఆంధ్ర విశ్వవిద్యాలయం ప్రచురించింది. రాసినవారు సూరి భగవంతం, టి. వెంకటరాయుడు. భగవంతం పుట్టింది అప్పటి కృష్ణా జిల్లా ఆగిరిపల్లిలో, 1909లో. ఈనాటి క్వాంటం రసాయన ప్రోగ్రాములు లెక్క మొదలుపెట్టే ముందు అణువు సౌష్ఠవాన్ని గుర్తించి పనిని తగ్గించుకుంటాయి. ఆయన బోధించిన గణితమే ఆ ప్రోగ్రాముల లోపల నడుస్తోంది.

ఇక్కడి నుంచి ఏం చేయవచ్చు

ఈ కొలతలకు సింక్రోట్రాన్ కావాలి. మన దేశంలో ఇందోర్‌లోని రాజా రామన్న కేంద్రంలో 2.5 శతకోటి ఎలక్ట్రాన్ వోల్టుల ఇండస్-2 ఉంది, ఎక్స్‌రే శోషణకు అక్కడ ప్రత్యేక బీమ్‌లైన్లు ఉన్నాయి. లెక్కకు మాత్రం ఇందోర్ వెళ్లనక్కర్లేదు. పైఎస్‌సీఎఫ్, సై4 లాంటి ప్రోగ్రాములు ఉచితం, వాటి మూలసంకేతం అందరికీ తెరిచి ఉంది. జగ్గయ్యపేటలోనో నందిగామలోనో బీఎస్సీ చదివే విద్యార్థి మామూలు ల్యాప్‌టాప్ మీద కార్బన్ మోనాక్సైడ్‌తో మొదలుపెట్టవచ్చు. హార్ట్రీ–ఫాక్ నడిపి స్థాయిల శక్తులు చూస్తే కార్బన్ 1ఎస్ దగ్గర 309, ఆక్సిజన్ 1ఎస్ దగ్గర 562 వోల్టులకు దగ్గరి అంకెలు వస్తాయి. ప్రయోగంలో అయనీకరణ శక్తులు 296.2, 542.5. తప్పు కార్బన్‌కు పదమూడు, ఆక్సిజన్‌కు ఇరవై ఎందుకయిందో ఆలోచించాలి. తర్వాత ఖాళీ పడిన స్థితిని విడిగా లెక్కించి ఆ తప్పు ఒకటి రెండు వోల్టుల్లోకి ఎలా దిగుతుందో చూడాలి. ఎలక్ట్రాన్ల సర్దుబాటు అనే మాట పుస్తకంలో పదిసార్లు చదివినదాని కన్నా ఈ ఒక్క లెక్కతో బాగా తలకెక్కుతుంది. ఆ విద్యార్థి పక్క ఊరి కృషి విజ్ఞాన కేంద్రం వాళ్లతో కూర్చుని, మన మట్టిలో ఏ కార్బన్ ఎంత అనే ప్రశ్నను పరిశోధనగా మలుచుకోగలిగే రోజు రావాలని నా కోరిక. దానికి కావలసిన సిద్ధాంతం, పరికరాలు, ప్రోగ్రాములు మూడూ ఇప్పటికే ఉన్నాయి.

చివరగా, ఏ లెక్క ఫలితం చూసినా మూడు ప్రశ్నలు అడగాలి. నేను విడదీయాలనుకుంటున్న రెండిటి మధ్య తేడా కన్నా ఈ పద్ధతి తప్పు చిన్నదేనా? ఈ అంకెలో ప్రయోగం నుంచి అరువు తెచ్చి కలిపింది ఎంత? నా అణువు లాంటి అణువుల మీద ఈ పద్ధతిని ఎవరైనా పరీక్షించారా? ఈ మూడిటికీ జవాబుంటే చవకైన పద్ధతి కూడా నమ్మదగినదే. లేకపోతే ఎంత పెద్ద కంప్యూటర్ మీద, ఎన్ని దశాంశాలతో వచ్చిన అంకెనైనా పక్కన పెట్టి ముందు ఆ జవాబులు వెతుక్కోవాలి.